వెనుక చక్రం చెప్పే మాట వినండి

అబ్దుల్లాపూర్‌మెట్: సైకిలును ఓవరాయిలింగు చేయించారు. వెనుక హబ్బు విప్పి, కిరసనాయిలుతో కడిగి, కొత్త బాల్సు వేసి, గ్రీజు నింపి బిగించారు. డబ్బులిచ్చి ఇంటిదారి పట్టారు. ఊరు దాటకముందే వెనుక చక్రంలో ఏదో శబ్దం. విప్పకముందు లేని శబ్దం! ‘కొత్త సామాను కదా, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది’ అనుకుని చాలామంది అలాగే తొక్కుతుంటారు. కాని హబ్బు తనంతట తాను సర్దుకోదు. లోపల అరుగుతూ పోతుంది. చివరికి బాల్సుతో పోయే పని హబ్బు మొత్తం మార్చేదాకా వస్తుంది.

డబ్బు సంగతి అలా ఉంచితే ప్రాణం సంగతి ఇంకా ముఖ్యం. 2016లో మండల కేంద్రమైన అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగానే హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి పోతోంది. ఒకప్పుడు 9వ నంబరుగా పిలిచిన ఈ రోడ్డు ఇప్పుడు 65వ నంబరు రహదారి. పాల క్యాన్లు కట్టుకుని పొద్దున్నే బయలుదేరేవారైనా, పనికి పోయే కూలీలైనా, బడిపిల్లలైనా ఈ రోడ్డెక్కితే పక్కనే లారీలు, బస్సులు దూసుకుపోతుంటాయి. అక్కడ వెనుక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, బ్రేకు పట్టకపోయినా ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు.

హబ్బు విప్పకుండానే, శబ్దాన్ని బట్టి లోపలి సంగతి చాలావరకు పసిగట్టవచ్చు. అయితే ముందుగా మీ సైకిలుకు ఉన్నది ఏ రకం హబ్బో తెలుసుకోవాలి. ఎందుకంటే ఒక రకానికి టిక్‌టిక్ శబ్దం ఆరోగ్య లక్షణం. మరో రకానికి అదే టిక్‌టిక్ రోగ లక్షణం.

రెండు రకాల హబ్బులు

మన పల్లెల్లో ఎక్కువగా కనిపించేది ఫ్రీవీలు ఉన్న మామూలు హబ్బు. పెడలు వెనక్కి తిప్పితే టిక్‌టిక్‌మంటూ ఊరికే తిరుగుతుంది. బ్రేకులు హ్యాండిలుకు ఉంటాయి. రెండోది కోస్టరు బ్రేకు హబ్బు. దీనికి బ్రేకు హబ్బు లోపలే ఉంటుంది. పెడలును వెనక్కి తొక్కితే చక్రం ఆగుతుంది. హ్యాండిలు నుంచి వెనుక బ్రేకుకు కడ్డీ గాని, తీగ గాని ఉండదు. గుర్తుపట్టడం తేలిక. వెనుక చక్రానికి ఎడమ వైపు ఇరుసు దగ్గర ఒక ఇనుప పట్టీ మొదలై ఫ్రేము కింది కడ్డీకి స్క్రూతో బిగించి ఉంటే అది కోస్టరు హబ్బే. ఆ పట్టీనే బ్రేకు చెయ్యి అంటారు.

జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణంలో ఫిక్టెల్ అండ్ జాక్స్ కంపెనీ 1903లో ‘టార్పెడో’ పేరుతో ఇటువంటి హబ్బును తయారుచేసింది. అది ఎంతో పేరు తెచ్చుకుంది. నెదర్లాండ్స్, జర్మనీ దేశాలలో నేటికీ ఈ బ్రేకు మామూలే. అమెరికాలో కొంత ఎత్తుకు మించిన సీటున్న చిన్నపిల్లల సైకిళ్లకు కాలి బ్రేకు తప్పనిసరి. మన దగ్గర ఇవి తక్కువే. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన పిల్లల సైకిలు, సెకండ్‌హ్యాండులో కొన్న సైకిలు రూపంలో అడపాదడపా కనిపిస్తాయి. అరుదుగా వచ్చేవి కావడం వల్లనే వాటిని బిగించడంలో పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి.

శబ్దం హబ్బుదేనా?

పానా పట్టుకునే ముందు ఒక పరీక్ష చేయాలి. వాహనాలు లేని దారిలో కొద్ది దూరం తొక్కి, పెడళ్లు ఆపి సైకిలును దానంతట దాన్ని పోనివ్వాలి. శబ్దం ఆగిపోతే తప్పు చాలావరకు చైనులోనో, పెడలులోనో, పెడళ్ల నడిమి ఇరుసులోనో ఉంటుంది. క్రాంకుకు కొట్టే కాటరు పిన్ను వదులైతే తొక్కినప్పుడల్లా టక్‌మంటుంది. దాన్ని హబ్బు శబ్దమనుకుని చక్రం విప్పేవారు ఎందరో! పెడళ్లు ఆపినా శబ్దం సాగుతుంటే తప్పు చక్రంలో ఉన్నట్టు.

లెక్కపెట్టి కూడా చెప్పవచ్చు. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనుక దానికి 18 పళ్లు ఉన్న సైకిలులో పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం సుమారు రెండున్నర చుట్లు తిరుగుతుంది. కనుక పెడలు చుట్టుకు ఒక్కసారే టక్‌మంటే అది పెడలు వైపు శబ్దం. రెండు మూడుసార్లు వినిపిస్తే అది వెనుక చక్రం శబ్దం.

ఆ తర్వాత సైకిలును స్టాండు వేసి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పాలి. మడ్‌గార్డు, చైను కవరు, క్యారియరు పుల్ల ఎక్కడైనా రాసుకుంటోందేమో ముందు చూసుకోవాలి. వదులైన చక్రం పుల్ల కూడా కిర్రుమంటుంది. ఇవేవీ కాకపోతే పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇరుసు నట్టుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినాలి. డాక్టరు స్టెతస్కోపులాగే పనిచేస్తుంది. తిరిగే పుల్లలకు చెయ్యి తగలకుండా జాగ్రత్తపడాలి.

మామూలు హబ్బు: శబ్దం ఆగితేనే అనుమానం

ఫ్రీవీలు లోపల చిన్న ఇనుప నాలుకలు ఉంటాయి. వెనుక నుంచి సన్నటి స్ప్రింగు వాటిని నెడుతుంటుంది. తొక్కినప్పుడు ఆ నాలుకలు పళ్లలో ఇరుక్కుని చక్రాన్ని తిప్పుతాయి. తొక్కడం ఆపినప్పుడు పళ్ల మీదుగా జారుతూ టిక్‌టిక్‌మంటాయి. అంటే ఆ శబ్దం నాలుకలు బతికి ఉన్నాయనడానికి సాక్ష్యం.

ఓవరాయిలింగు తర్వాత ఈ టిక్‌టిక్ బొత్తిగా వినబడకపోతే సంతోషించరాదు. ఫ్రీవీలులో చిక్కటి గ్రీజు కూరితే నాలుకలు అంటుకుపోతాయి. అవి పైకి లేవకపోతే పెడలు ఉత్తిగా తిరిగిపోతుంది. నిలబడి బలంగా తొక్కే సమయంలో ఇలా జరిగితే మనిషి ముందుకు తూలి పడతాడు. గ్రీజు హబ్బు బాల్సుకే. ఫ్రీవీలుకు పలుచటి మిషను ఆయిలు నాలుగు చుక్కలు చాలు. వంటనూనె పోయకూడదు, అది ఆరి జిగురవుతుంది. కిరసనాయిలు కడగడానికే గాని కందెనగా పనికిరాదు. ఉన్న జిడ్డును కూడా కడిగేసి తాను ఆరిపోతుంది.

ఇక గరగర శబ్దం వస్తే బాల్సు సంగతి చూడాలి. మామూలు సైకిలు వెనుక హబ్బులో సాధారణంగా పావు అంగుళం బాల్సు పక్కకు 9 చొప్పున మొత్తం 18 ఉంటాయి. ఖాళీ కనిపించిందని పదో బాలు ఇరికిస్తే ఒకదానికొకటి రాసుకుని అరుస్తాయి. ఒకటి తక్కువైనా బరువు సమంగా పడదు. పాత వాటిలో రెండు పగిలితే ఆ రెండే కొత్తవి వేయడం కూడా సరికాదు. పాతవి వెంట్రుకవాసి అరిగి ఉంటాయి కనుక కొత్త బాల్సు మీదనే బరువంతా పడుతుంది. మార్చితే రెండు పక్కలా మొత్తం మార్చాలి.

కోస్టరు హబ్బు లోపల ఏం జరుగుతుంది?

కోస్టరు హబ్బులో ఫ్రీవీలు నాలుకలు ఉండవు. చాలా హబ్బులలో పళ్ల చక్రం బిగించే డ్రైవరుకు లోపలి వైపు పెద్ద మరలుంటాయి. ఆ మరల మీద క్లచ్చు అనే ముక్క కదులుతుంటుంది. ముందుకు తొక్కితే క్లచ్చు కుడివైపు జరిగి హబ్బు గొట్టంలో చీలలా బిగుసుకుని చక్రాన్ని తిప్పుతుంది. వెనక్కి తొక్కితే అదే క్లచ్చు ఎడమవైపు జరిగి బ్రేకు షూలను నెడుతుంది. షూలు విచ్చుకుని తిరుగుతున్న గొట్టం లోపలి గోడకు ఒత్తుకుంటాయి. చక్రం ఆగుతుంది. షూలు గొట్టంతోపాటు తిరిగిపోకుండా ఆపేది ఎడమ పక్కనున్న బ్రేకు చెయ్యి.

కనుక పెడలు ఆపి సైకిలును పోనిచ్చినప్పుడు బాగున్న కోస్టరు హబ్బు దాదాపు మౌనంగా తిరుగుతుంది. ఫ్రీవీలుకు అలవాటు పడినవారు ‘టిక్‌టిక్ రావడం లేదే’ అని కంగారుపడనక్కరలేదు. ఒకవేళ టిక్‌టిక్ మొదలైతేనే కంగారుపడాలి.

ఏ శబ్దానికి ఏ కారణం?

గరగర: చక్రం తిరిగినంతసేపూ ఇసుక నలిగినట్టు గరగరమంటే మూడు కారణాలు చూడాలి. మొదటిది, కడిగేటప్పుడు లోపల మిగిలిపోయిన మట్టి. రెండోది, కోను మరీ బిగించడం. మూడోది, బాల్సు పంజరం తిరగేసి పెట్టడం. కోస్టరు హబ్బులో బాల్సు విడిగా కాక రేకు పంజరంలో కూర్చి ఉంటాయి. తలకిందులుగా పెడితే బాల్సుకు బదులు రేకు కోనుకు రాసుకుంటుంది. మళ్లీ కట్టిన కోస్టరు హబ్బులో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. వెంటనే విప్పి సరిచేస్తే నష్టం లేదు. అలాగే తొక్కితే రేకు చిట్లి ముక్కలు లోపల పడతాయి.

టక్ టక్: చక్రం చుట్టుకు ఇన్నిసార్లని లెక్కగా టక్‌మంటుంటే పగిలిన బాలు గాని, కప్పులోనో కోనులోనో పడిన గుంట గాని కారణం. కోనును వెలుతురుకు పట్టి చూడాలి. బాల్సు నడిచిన బాట నున్నగా మెరుస్తుంటే మంచిదే. చీమ కొరికినట్టు గుంటలుంటే ఎంత గ్రీజు పూసినా శబ్దం పోదు. ఆ కోను మార్చాల్సిందే.

టప్‌మని జారడం: ముందుకు తొక్కగానే పెడలు కాస్త ఖాళీగా పోయి టప్‌మని పట్టుకుంటుంటే క్లచ్చు సరిగా బిగియడం లేదు. క్లచ్చు ఊరికే డ్రైవరుతో తిరగకుండా దాన్ని కొద్దిగా పట్టి ఉంచే చిన్న స్ప్రింగు ఒకటి ఉంటుంది. బిగించేటప్పుడు అది వంకరైనా, తన గాడిలో కూర్చోకపోయినా, వదులైనా ఈ జబ్బు వస్తుంది. మరలలో పాత గ్రీజు గట్టిపడి ఉన్నా క్లచ్చు కదలలేదు. స్ప్రింగు చిన్నదే గాని పని పెద్దది. క్లచ్చు కదలకపోతే బ్రేకు కూడా పట్టదు.

బ్రేకు వేయగానే ఒక్క టక్: ఇది హబ్బు విప్పకుండానే పోయే జబ్బు. బ్రేకు చేతిని ఫ్రేముకు పట్టి ఉంచే క్లిప్పు వదులై ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు చెయ్యి కదిలి క్లిప్పుకు కొట్టుకుంటుంది. స్క్రూ బిగిస్తే సరి. కాని నిర్లక్ష్యం చేస్తే ఇంతకు మించిన ప్రమాదం లేదు. క్లిప్పు ఊడితే బ్రేకు వేసినప్పుడు చెయ్యి గిర్రున తిరిగి పుల్లల్లో పడవచ్చు, ఇరుసుపైనున్న కోను బిగుసుకుపోవచ్చు. బ్రేకు ఉండదు. చక్రం పంచరుకు విప్పినప్పుడల్లా ఈ క్లిప్పు తిరిగి బిగించారా లేదా అని చూసుకోవాలి.

కీచుమని అరవడం: బ్రేకు వేసినప్పుడు కీచుమన్నా, ఎద్దు రంకె వేసినట్టు మోగినా బ్రేకు షూలు ఎండిపోయాయని అర్థం. హ్యాండిలు బ్రేకు రబ్బరుకు నూనె తగలకూడదన్నది అందరికీ తెలుసు. అదే పద్ధతిలో ఇక్కడ కూడా షూలను శుభ్రంగా తుడిచి పొడిగా పెట్టేవారున్నారు. అది తప్పు. కోస్టరు హబ్బులో లోహం మీద లోహం రాసుకుంటుంది. నడుమ గ్రీజు పొర లేకపోతే అరుస్తుంది, కొరుక్కుంటుంది, చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. పైగా ఇది వేడిని తట్టే గ్రీజు అయి ఉండాలి.

ఈ వేడి ఎంతటిదో తెలియాలంటే అమెరికా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో 1976లో కొందరు యువకులు పాత బరువు సైకిళ్ల మీద కొండ మట్టిదారిలో కిందికి పందేలు మొదలుపెట్టారు. వాటిలో చాలా సైకిళ్లకు కోస్టరు బ్రేకులే. కొండ దిగేసరికి హబ్బు కాలిపోయి గ్రీజు పొగైపోయేది. హబ్బు విప్పి మళ్లీ గ్రీజు నింపనిదే మరో పందానికి పనికివచ్చేది కాదు. మళ్లీ నింపడాన్ని ఇంగ్లీషులో ‘రీప్యాక్’ అంటారు. ఆ దారికి రీప్యాక్ అనే పేరే స్థిరపడింది. కొండల మీద తొక్కే మౌంటెన్ సైకిలు పుట్టుకకు ఆ పందేలు ఒక కారణమయ్యాయి. మన మెట్ట, పల్లాల్లో అంత వేడి పుట్టకపోవచ్చు. అయినా క్యారియరు మీద బరువుతో వాలులో దిగేటప్పుడు బ్రేకును ఏకధాటిగా తొక్కిపట్టకుండా, వేస్తూ వదులుతూ దిగడం మంచిది.

బ్రేకు వేయకున్నా వేడి: ఇది శబ్దం కాకపోయినా చెప్పుకోవలసిందే. కొంత దూరం బ్రేకు వేయకుండా తొక్కి హబ్బును ముట్టుకుంటే వేడిగా ఉందంటే లోపల షూలు విడివడడం లేదు, లేదా కోను బిగువుగా ఉంది. ఈ స్థితిలో రోడ్డెక్కరాదు.

విప్పేటప్పుడే సగం పని

తిరిగి బిగించడంలో వచ్చే తప్పులకు మూలం విప్పడంలోనే ఉంటుంది. పాత దినపత్రిక ఒకటి పరిచి, విప్పిన ముక్కలను విప్పిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చుకోవాలి. ఏ ముఖం ఎటు ఉందో చూసి అలాగే పెట్టాలి. చేతిలో సెల్‌ఫోను ఉంటే ఒక్కో ముక్క తీసినప్పుడల్లా ఫొటో తీసుకుంటే మరీ మంచిది. బాల్సు పంజరం నోరు ఎటు ఉంది, స్ప్రింగు ఏ గాడిలో ఉంది అన్న తగవు అప్పుడు రాదు.

కడిగిన ముక్కలు పూర్తిగా ఆరనివ్వాలి. కిరసనాయిలు తడి మీద పూసిన గ్రీజు నిలవదు. గ్రీజు డబ్బాకు మూత పెట్టి ఉంచాలి. దుమ్ము పడిన గ్రీజు సానరాయితో సమానం.

కోను బిగువే కీలకం

హబ్బు ఏ రకమైనా ఆఖరి మెట్టు కోను బిగించడం. ముందు కోనును చేత్తో తగిలేదాకా తిప్పి, తర్వాత కొద్దిగా వెనక్కి తిప్పాలి. కోను కదలకుండా ఒక పానాతో పట్టుకుని మరో పానాతో లాకు నట్టు బిగించాలి. ఒక్క పానాతో బిగిస్తే నట్టుతోపాటు కోను కూడా తిరిగి బిగుసుకుంటుంది. బిగించిన తర్వాత వచ్చే గరగర శబ్దాలలో చాలావాటికి కారణం ఇదే.

మామూలు హబ్బులో బిగువు సర్దే కోను ఎడమ వైపు ఉండాలి. చైను వైపు కోను వదులుగా ఉంటే చక్రం తిరుగుతున్న కొద్దీ అది తనంతట తాను బిగుసుకుని చక్రాన్ని పట్టేస్తుంది. కోస్టరు హబ్బులో ఇది రకాన్ని బట్టి మారుతుంది కనుక విప్పినప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

సరిగా ఉందో లేదో చూడడానికి రెండు పరీక్షలు చాలు. చక్రాన్ని ఫ్రేములో పూర్తిగా బిగించిన తర్వాత రిమ్ము పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఉందా లేదా అన్నంత ఆట మాత్రమే తెలియాలి. టకటక కొట్టుకుంటే వదులు, బొత్తిగా లేకపోతే బిగువు. రెండో పరీక్ష మామూలు హబ్బుకు పనికివస్తుంది. చైను తీసి, గాలి మూతి పైకి వచ్చేలా చక్రాన్ని నిలిపి వదలాలి. ఆ మూతి బరువుకే చక్రం మెల్లగా తిరిగి, గడియారం లోలకంలా నాలుగైదు ఊపులు ఊగి మూతి కిందికి వచ్చి ఆగితే హబ్బు చక్కగా ఉన్నట్టు. కోస్టరు హబ్బులో కొంత పట్టు సహజం కనుక అంత తేలికగా ఊగదు. అయినా చేత్తో తిప్పితే ఎక్కడా తట్టుకోకుండా నున్నగా తిరగాలి.

రోడ్డెక్కే ముందు

28 అంగుళాల చక్రం కిలోమీటరుకు సుమారు 450 చుట్లు తిరుగుతుంది. పది కిలోమీటర్లు పోయి రావాలంటే 9 వేల చుట్లు. గుంట పడిన కోను మీద ఆ బాల్సు 9 వేలసార్లు దెబ్బ తింటాయి. రేపు చూద్దాంలే అనుకునే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కోస్టరు బ్రేకున్న సైకిలుకు మరో మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు ఎంతలో పడుతుందో చూడాలి. గడియారంలో 12 నుంచి 2 దాకా ఎంత జాగా ఉంటుందో అంతలోపు, అంటే 60 డిగ్రీలలోపు పట్టుకోవాలి. అమెరికాలో ఇది నిబంధన కూడా. అంతకు మించి వెనక్కి పోతుంటే లోపల అరుగుదల ఉన్నట్టే. రెండోది, చైను నడుమ భాగం పైకీ కిందికీ అర అంగుళం మాత్రమే ఆడాలి. మరీ బిగువైతే హబ్బు మూలుగుతుంది, మరీ వదులైతే చైను పడిపోతుంది. ఈ బ్రేకు పనిచేసేది చైను ద్వారానే. చైను పడిందంటే బ్రేకు కూడా పోయినట్టే. అందువల్లనే మూడో జాగ్రత్త: ముందు చక్రానికి చేతి బ్రేకు ఒకటి తప్పక ఉండాలి. పిల్లల సైకిలైతే మరీ అవసరం.

మళ్లీ కట్టిన హబ్బును మొదటిసారి ఊరి లోపలి దారుల్లోనే తొక్కి చూడాలి. నాలుగైదు కిలోమీటర్ల తర్వాత ఆపి ఇరుసు నట్లు, లాకు నట్టు, బ్రేకు చేతి క్లిప్పు మరోసారి పానాతో పరీక్షించాలి. వానాకాలంలో నీళ్లలో మునిగిన హబ్బును ఎండలో పెట్టి వదిలేయకుండా విప్పి గ్రీజు మార్చడం మేలు. వాటర్ సర్వీసింగు పైపును నేరుగా ఇరుసు మీదికి పట్టించరాదు.

సైకిలు షాపుకు వెళ్లినప్పుడు ‘వెనుక శబ్దం వస్తోంది’ అని మాత్రం చెప్పి ఊరుకోకండి. తొక్కితే వస్తోందా, వదిలేస్తే వస్తోందా, బ్రేకు వేస్తే వస్తోందా, చక్రం చుట్టుకు ఎన్నిసార్లు వస్తోంది అన్నవి చూసి చెప్పండి. మేస్త్రీకి సగం పని తగ్గుతుంది, మీకు అనవసరంగా సామాను మార్చే ఖర్చు తప్పుతుంది. అంతవరకు పెద్ద రోడ్డు ఎక్కకుండా ఉంటే చాలు.